మన పుస్తకముల పట్టికకు గుమ్మము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇట్టి సభలలో మాటలాడువారు గ్రంథాలయోద్యమ చరిత్రను గూర్చియో, పఠనమువలన గలుగు లాభములను గూర్చియో ప్రసంగించుట పరిపాటి. ఆ విషయములను నాకంటె బాగుగా చెప్పగల పెద్దలు ఈ వేదికమీదనే యున్నారు. నేను చెప్పబూనినది మిక్కిలి చిన్న సంగతి. చిన్నదగుటచేతనే ఎవరి కంటను బడక పోవునది. పుస్తకముల పట్టికను కంప్యూటరులోనికి ఎక్కించిన పిమ్మట, ఆ పట్టికను పాఠకునకు అందించు గుమ్మ మొకటి ఆ యంత్రములోనే యుండును. దానిని వెబ్ సర్వరు అందురు. ఆ గుమ్మమును సరిగా అమర్చకున్నచో ఏమి జరుగునో మొదట చూతము.

రాజోలు ప్రాంతపు లంకగ్రామములో నున్న చందాదారు ఒకరు తన సెల్‌ఫోనులో గ్రంథాలయపు పట్టికను తెరచి, ‘అమలాపురం’ అని తెలుగులో వ్రాసి వెదకిరనుకొందము. ‘ఫలితములు లేవు’ అని సమాధానము వచ్చును. ఆ మాట పేరులోగల పుస్తకములు బీరువాలో నిక్షేపముగా నున్నవి. గ్రంథపాలకుడు వానిని ఒక్కొక్కటిగా పట్టికలో చేర్చియున్నాడు. ఫోను చెడలేదు, కరెంటు పోలేదు, పాఠకుడు అక్షరము తప్పుగా వ్రాయలేదు. ఐనను పుస్తకము లేదను సమాధానమే వచ్చినది. ఆయన రేవు దాటి, బస్సెక్కి వచ్చి బీరువా చూచుకొనునా? లేదనుకొని ఊరకుండును. చెదలు తినిన పుస్తకమునైన చూచి విచారింపవచ్చును. ఉండియు లేనిదైన పుస్తకమును గూర్చి విచారించువాడైనను ఉండడు.

ఈ దోషము ఎచ్చట పుట్టినదో తెలియవలెనన్న ఆ యంత్రము లోపలి కాపురమును కొంచెము తెలిసికొనవలెను.

పూర్వము మన పట్టిక చెక్కపెట్టెలలోని కార్డులమీద నుండెడిది. ఇప్పుడా కార్డులు డేటాబేసు అను కొట్టులో నున్నవి. ఆ కొట్టును తెరచి అడిగినది తీసి యిచ్చు పనిని ఒక అప్లికేషను చేయును. అట్టివానిలో ననేకములు జావా యను భాషలో వ్రాయబడినవి. ఈ జావా 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ అను అమెరికా సంస్థ లోకమునకు వెల్లడించినది. మన తెలుగుదేశములోనే దీనికి ఉదాహరణము కలదు. హైదరాబాదులో వెరుస్ సొల్యూషన్స్ అను సంస్థ, కేశవన్ ఇన్‌స్టిట్యూట్ అను గ్రంథాలయ విజ్ఞాన సంస్థ తోడ్పాటుతో, న్యూజెన్‌లిబ్ అను గ్రంథాలయ నిర్వహణ అప్లికేషనును తయారుచేసినది. దాని మొదటి రూపము 2005 మార్చిలో వెలువడినది. 2008 జనవరి 9వ తేదీన దానిని ఎవరైనను చూచుకొనుటకు, మార్చుకొనుటకు, పంచుకొనుటకు హక్కునిచ్చు జీపీఎల్ లైసెన్సు క్రింద బహిరంగము చేసిరి. అది జావాలో వ్రాయబడినది; దాని కొట్టు పోస్ట్‌గ్రెస్; దాని గుమ్మము టామ్‌క్యాట్ అను సర్వరు. విదేశములలో పుట్టిన అప్లికేషనులు ఎన్నియైన కలవు గాని, లోపలి అమరికను విప్పి చూపుటకు మన హైదరాబాదులో పుట్టినదానినే ముందు చెప్పుట నాకు ప్రీతి.

ఇక అసలు సంగతి. జావాలో వ్రాసిన అప్లికేషను లోపలి గదిలో కూర్చున్న పండితునివంటిది. ఆయనకు పట్టిక యంతయు కంఠస్థమే, గాని వీధిలోనుండి పిలిచిన కేక ఆయనకు వినబడదు. కేక విని, అడిగినదేమో గ్రహించి, లోపలికి చేరవేసి, జవాబు తెచ్చి యిచ్చువాడు వేరొకడు కావలెను. వాడే వెబ్ సర్వరు. పండితునికి ఆసనము, దీపము, వేళకు అన్నము సమకూర్చు ఇల్లు కంటెయినరు. మొదటి కాలములో ఇల్లు వేరు, ద్వారపాలకుడు వేరుగా నుండెడివారు: టామ్‌క్యాటును ముందుగా విడిగా నిలిపి, అప్లికేషనును మూటగట్టి దాని చేతికిచ్చెడివారు. పిమ్మట వచ్చిన పద్ధతిలో ద్వారపాలకుడు ఇంటిలోనే పుట్టి పెరిగినవాడు. జేబాస్ అను కంటెయినరు తన 4.0 వరుసలో టామ్‌క్యాట్ 5.5 ను కడుపులో నిడుకొని వచ్చినది. 2014లో వెలువడిన స్ప్రింగ్ బూట్ మరి యొక యడుగు ముందుకు వేసి, అప్లికేషను మూటలోనే సర్వరును చుట్టిపెట్టినది. మూటను విప్పకుండ నడిపినచో చాలును, గుమ్మము దానంతట అదే తెరచుకొనును.

పాతూరి నాగభూషణముగారు 1935లో కృష్ణా డెల్టా కాలువలలో బోటు గ్రంథాలయమును నడిపించిన సంగతి గ్రంథాలయాభిమానులు ఎరుగుదురు. పుస్తకములను ఒక యూరిలో నుంచి, పడవను వేరొకరియొద్ద అద్దెకు దెచ్చి, ఇచ్చువాని కొరకు రేవులో ఎదురుచూచు ఏర్పాటు గాదది. పుస్తకములును, ఇచ్చువాడును ఒకే బోటులో నుండి రేవురేవునకు పోయిరి. కడుపులో సర్వరుగల అప్లికేషను అట్టిది. చిన్న గ్రంథాలయమునకు ఈ పద్ధతియే మేలని నా అభిప్రాయము. రెండింటిని వేరువేరుగా కాచుకొనుటకు మనకు మనుష్యులేరి?

ఐతే ఈ పద్ధతిలో ఒక చిక్కు కలదు. ద్వారపాలకుడు లోపలివాడగుటచేత వానికిచ్చిన ఆజ్ఞాపత్రము కూడ లోపలనే యుండును. విడిగా నిలిపిన టామ్‌క్యాటునకు ‘కాన్ఫ్’ అను సంచిలో ‘సర్వర్.ఎక్స్‌ఎమ్‌ఎల్’ అను పత్రముండును. జేబాస్ లోపలి టామ్‌క్యాటునకు అదే పేరుగల పత్రము ‘డిప్లాయ్’ అను సంచిలో, ‘జేబాస్‌వెబ్-టామ్‌క్యాట్55.సార్’ అను లోసంచిలో నుండెడిది. స్ప్రింగ్ బూట్ వచ్చిన తరువాత ఆ పత్రమే లేదు. దానికి బదులు ‘అప్లికేషన్.ప్రాపర్టీస్’ అను పత్రములో ఒక్కొక్క ఆజ్ఞ ఒక్కొక్క పంక్తిగా వ్రాయుదురు. జేబాస్ పేరును మార్చుకొని వైల్డ్‌ఫ్లై యైనప్పుడు, దాని కడుపులోని సర్వరు అండర్టో అను వేరొకటి యైనది. ఒకే కంప్యూటరులో విడి టామ్‌క్యాట్ ఒకటియు, కడుపులోని టామ్‌క్యాట్ ఒకటియు ఉన్నప్పుడు, ఎదురుగా కనబడిన పత్రమును దిద్ది, యంత్రమును ఆపి, మరల నడిపి, ఏమియు మారలేదని తలపట్టుకొనువారు పట్టణములలో సైతము కలరు. పక్కింటి తలుపునకు గడియ బిగించి, మన యింట గాలి ఆగలేదేమని విస్మయపడినట్లు! కావున దేనిని దిద్దుటకైనను ముందు, ప్రస్తుతము జవాబు చెప్పుచున్న సర్వరు ఎవరి కడుపులోనిదో నిర్ధారణ చేసికొనవలెను. నడిపినప్పుడు అది తన దినచర్యలో వ్రాసుకొను మొదటి పంక్తులలోనే తన పేరు, రూపసంఖ్య, గుమ్మపు సంఖ్య చెప్పుకొనును. ఆ పంక్తులను చదువుట చాల తక్కువమంది అలవాటు చేసికొనిరి.

ఇప్పుడు మన చందాదారుగారి ‘అమలాపురం’ వద్దకు వత్తము.

కంప్యూటరునకు అక్షరములు తెలియవు, అంకెలే తెలియును. ప్రపంచములోని లిపులన్నిటికి తలకొక సంఖ్య నిచ్చిన యూనికోడు అను పట్టిక మొదటి రూపము 1991లో అచ్చైనది. అందు తెలుగునకు 128 స్థానములను కేటాయించిరి. ఆ సంఖ్యను యూటీఎఫ్-8 అను పద్ధతిలో పంపినచో, తెలుగు సంకేతము ఒక్కొక్కటి మూడేసి బైట్లుగా ప్రయాణము చేయును. బైటు అనగా 0 మొదలు 255 వరకు గల ఒక సంఖ్య. ‘అ’ అనునది 224, 176, 133 అను మూడు సంఖ్యలై పోవును. ‘అమలాపురం’ అను మాటలో అకారము, మకారము, లకారము, దీర్ఘము, పకారము, కొమ్ము, రకారము, సున్న — వెరసి ఎనిమిది సంకేతములు. అవి ఇరువదినాలుగు బైట్లగును. ఫోను వానిని శాతపు గుర్తులతో వేషము వేసి చిరునామాలో చేర్చి పంపును. దినచర్యలో ఆ వేషము కనబడినచో తప్పేమో యని భయపడనక్కరలేదు, అది ప్రయాణపు దుస్తు మాత్రమే.

ఇరువదినాలుగు బైట్లును క్షేమముగా గుమ్మముదాక వచ్చినవి. అచ్చట ద్వారపాలకుడు వానిని ఎట్లు చదువును? టామ్‌క్యాట్ 7వ రూపము వరకు, ఎవరును వేరుగా చెప్పకున్నచో, చిరునామాలోని అక్షరములను ఐఎస్ఓ-8859-1 అను పద్ధతిలో చదువుట దాని అలవాటు. అది పశ్చిమ ఐరోపా భాషల కొరకు చేసినది. దానిలో బైటు ఒక్కంటికి అక్షర మొక్కటి. కావున 224 అనునది నెత్తిమీద గీతగల యొక ఫ్రెంచి అక్షరమైనది. 176 ఉష్ణోగ్రతకు పెట్టు డిగ్రీ గుర్తైనది. 133 అచ్చునకు రాని యొక సంకేతమైనది. మన ఎనిమిది సంకేతముల ఊరిపేరు ఇరువదినాలుగు విచిత్రాక్షరముల వరుసయై పండితునియొద్దకు చేరినది. పండితుడు ఆ పేరుగల పుస్తకము కొరకు కొట్టంతయు వెదకి, లేదని నిజమే చెప్పెను! ఎవరును అబద్ధమాడలేదు. ఎవరును చెడిపోలేదు. దినచర్యలో తప్పు జరిగినట్లు ఒక్క పంక్తియైన లేదు. ఆంగ్లములో వ్రాసిన పేర్లన్నియు చక్కగా దొరకును, ఏలయన ఆంగ్లాక్షరములు రెండు పద్ధతులలోను ఒకే సంఖ్యలు. కావుననే పరీక్షించిన వారికి దోషము కనబడదు. పరీక్ష చేయువారు తొందరలో ఆంగ్లములోనే వ్రాసి చూచుట మన అందరి అలవాటుగదా.

దీనికి మందు ఒకే యొక మాట. ‘సర్వర్.ఎక్స్‌ఎమ్‌ఎల్’ పత్రములో ‘కనెక్టర్’ అని ఆరంభమగు పంక్తి యుండును, అదియే గుమ్మము. ఆ పంక్తిలో ‘యూఆర్ఐఎన్‌కోడింగ్’ అను పదమునకు ‘యూటీఎఫ్-8’ అని విలువ నిచ్చి, సర్వరును ఆపి మరల నడుపవలెను. అంతే. 8వ రూపము మొదలు టామ్‌క్యాటువారే ఆ అలవాటును మార్చి యూటీఎఫ్-8 చేసిరి. ఐనను రెండు సంగతులు జ్ఞాపకముంచుకొనవలెను. ఒకటి, పాత అప్లికేషను కడుపులో పాత సర్వరే యుండును. క్రొత్త కంప్యూటరు కొన్నంతమాత్రమున లోపలివాడు క్రొత్తవాడు కాడు. రెండు, ఈ ఆజ్ఞ చిరునామాలో వచ్చిన మాటకే వర్తించును. పట్టికలో క్రొత్త పుస్తకమును చేర్చునపుడు నింపు ఫారము చిరునామాలో రాదు, విడి కవరులో వచ్చును. ఆ కవరును ఎట్లు చదువవలెనో అప్లికేషనే వేరుగా చెప్పవలెను. స్ప్రింగ్ బూట్ దానిని తానే చెప్పుకొనును. పాతవానికి ఒక జల్లెడను అమర్చవలెను. కొట్టు కూడ యూటీఎఫ్-8 పద్ధతిలోనే కట్టినదై యుండవలెను. గుమ్మము, కవరు, కొట్టు — మూడును ఒకే భాష మాటలాడిననే పుస్తకము దొరకును.

సర్వరుమీద మోపకూడని దోషములు కూడ కలవని న్యాయముగా చెప్పవలెను. మనలో ననేకులు వెనుకటి దినములలో అను లిపులతో పట్టికలు తయారుచేసిరి. అవి తెరమీద తెలుగుగా కనబడినను లోపల యూనికోడు కావు. వానిని మార్చి వ్రాయించినదాక ఏ ఆజ్ఞయు పనిచేయదు. మరియు ఒకరు ‘అమలాపురం’ అనియు, మరియొకరు ‘అమలాపురము’ అనియు వ్రాసినచో యంత్రమునకు అవి రెండూళ్లు. పొల్లు తరువాత వ్రాయు కంటికి కనబడని సంకేత మొకటి కలదు, అది యున్న మాటయు లేని మాటయు కలియవు. ఇవి గ్రంథపాలకులు కూర్చుండి ఏకరీతి చేయవలసిన పనులు. నావంటివాడు చేయగలిగినది లేదు.

అక్షరముల సంగతి యిట్లుండగా, గుమ్మము ఎవరికి తెరచియున్నదన్నది రెండవ ప్రశ్న. ధవళేశ్వరము ఆనకట్ట ఎగువ నీరు ఎంతయున్నను, మన కాలువకు తూము తెరవనిదే మన చేనికి రాదు. పగలును రాత్రియు తెరచియే యుంచినచో చేనే మునుగును. తూములమీద బ్రదుకు కోనసీమవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. సర్వరునకు ఇట్టి తూములు రెండు అంకెలలో నున్నవి: పోర్టు సంఖ్య, చిరునామా.

పోర్టు సంగతి త్వరగా ముగింతును. వెబ్బునకు వాడుకగా 80, భద్రమైన దానికి 443. లైనక్స్ యంత్రములలో 1024కు లోపలి సంఖ్యలను వాడుకొనుటకు సామాన్యముగా యజమాని యధికారము కావలెను. కావున టామ్‌క్యాటువంటివి 8080 అను సంఖ్యను ఎంచుకొన్నవి. ఒక సంఖ్యవద్ద ఒక్కడే నిలువగలడు. రెండవ సర్వరును నడిపినచో పోర్టు వాడుకలో నున్నదని చెప్పి ఆగిపోవును. అప్పుడు 8081 అని మార్చుకొనుట ఒక్క నిమిషపు పని.

చిరునామా సంగతి గంభీరమైనది. 127.0.0.1 అని వ్రాసినచో సర్వరు ఆ కంప్యూటరులోని వారికి మాత్రమే పలుకును. 2007లో వచ్చిన జేబాస్ 4.2 ఇదే అలవాటుతో వచ్చినది. గ్రంథపాలకుని బల్లమీద పట్టిక చక్కగా తెరచుకొనును; పఠనమందిరములోని ఫోనులకు తెరచుకొనదు. యంత్రము చెడినదని ఫిర్యాదులు వచ్చును. ఇది చెడుట కాదు, జాగ్రత్త. ఐతే దానికి జనులు సాధారణముగా చేయు చికిత్స 0.0.0.0 అని వ్రాయుట. అనగా ఇంటికిగల ద్వారములన్నియు బార్లా తెరచుట. కంటెయినరులో పట్టిక యొక్కటియే కాదు, యజమాని లోపలినుండి సర్దుబాట్లు చేసికొను గదియు ఉండును. జేబాసులో ఆ గదికి సరియైన తాళము లేని లోపముండగా, దానికి మందు 2010 ఏప్రిలులోనే వచ్చినది. మందు వేసికొనని యంత్రములను 2011 అక్టోబరులో ఒక పురుగు-ప్రోగ్రాము వెదకి పట్టుకొని, ఒకదానినుండి మరియొకదానికి ప్రాకినది. టామ్‌క్యాటులో 8009 అను రెండవ గుమ్మము ఎవరును అడుగకయే అన్ని వైపులకు తెరచియుండెడిది. ఆ గుమ్మమునుండి లోపలి పత్రములను చదువవచ్చునని 2020 ఫిబ్రవరిలో బయటపడినది. దానికి ఘోస్ట్‌క్యాట్ అని పేరు పెట్టిరి. 9.0.31వ రూపము మొదలు ఆ గుమ్మము మూసియే వచ్చుచున్నది.

పల్లెటూరి గ్రంథాలయములో దొంగిలించుటకేమున్నదని మీరడుగవచ్చును. మీ పేర్లున్నవి, ఫోను నంబర్లున్నవి. వానికంటె ముఖ్యమైనది, ఎవరు ఏ పుస్తకము ఎప్పుడు తీసికొనిరో ఉన్నది. పెళ్లికావలసిన పిల్ల న్యాయశాస్త్రము చదువుచున్నదనియు, పెద్దాయన ఒకరు మధుమేహమును గూర్చిన పుస్తకములే వరుసగా తీసికొనుచున్నాడనియు ఊరంతయు తెలియవలసిన పని లేదు. రిజిస్టరు బల్లసొరుగులో నున్నంతకాలము ఆ మర్యాదను గ్రంథపాలకుడు కాపాడెను. ఇప్పుడా సొరుగు తాళపుచెవి చిరునామా పంక్తిలో నున్నది.

కావున 127.0.0.1 కాదు, 0.0.0.0 కాదు. పఠనమందిరపు వైఫైలో ఆ కంప్యూటరునకు గల స్వంత సంఖ్యను, 192.168 అని ఆరంభమగుదానిని, ఆ పంక్తిలో వ్రాయవలెను. ఊరి బయటి చందాదారులకు కూడ అందవలెనన్న, ముందర ఎన్జినెక్స్ వంటి మరియొక ద్వారపాలకుని నిలిపి, 443లో తాళముతో మాటలాడించి, పట్టిక చూచు దారిని మాత్రమే వానికి అప్పగింపవలెను. అప్పుడు లోపలి సర్వరు 127.0.0.1 లోనే నిశ్చింతగా నుండవచ్చును. సభ్యుల ఖాతాల దారి, యజమాని గది, 8009 — ఇవి బయటికి పొసగవు. ఏకకాలమున ఎందరికి జవాబు చెప్పవలెనను లెక్క టామ్‌క్యాటులో 200గా వచ్చును. మన ఊరికి అది పండుగనాడైనను చాలును, ముట్టుకొనవలదు.

చివరి మాట మనుష్యులను గూర్చినది. ఈ అమరికలు చేయువారు మన పిల్లలే. కళాశాల సెలవులలో వచ్చి, ఒక మధ్యాహ్నము కూర్చుండి, అన్నియు సరిచేసి, హైదరాబాదునకో, బెంగుళూరునకో, అమెరికాకో పోవుదురు. ఏ పంక్తి మార్చిరో వారి తలలోనే యుండును. రెండేండ్లకు క్రొత్త రూపము వేయించినపుడు పాత పత్రము చెరిగి, అలవాటు ప్రకారమున్న పత్రము వచ్చి కూర్చుండును. ‘అమలాపురం’ మరల ఫలితములు లేవనును. అబ్బాయికి ఫోను చేసినచో అచ్చట అర్ధరాత్రి.

అందుచేత నాదొక విన్నపము. పుస్తకముల చేర్పు రిజిస్టరులో చివరి పుటలను దీనికొరకు విడిచిపెట్టుడు. 1996 నవంబరు తుఫాను చూచినవారికి కరెంటు లేని దినములలో కాగితము విలువ తెలియును. అప్లికేషను పేరు, రూపసంఖ్య. లోపలి సర్వరు పేరు, రూపసంఖ్య. ఆజ్ఞాపత్రము ఏ సంచిలో నున్నది. పోర్టు, చిరునామా, అక్షరపద్ధతి. ఎవరు, ఏ తేదీన, ఏ విలువను తీసి ఏ విలువను వ్రాసిరి — ఇవి తెలుగులోనే, మంచి సిరాతో వ్రాయించి సంతకము తీసికొనుడు. సంకేతపదములను మాత్రము ఆ పుటలో వ్రాయవలదు. వానిని కార్యదర్శిగారు వేరుగా కవరులో ముద్రవేసి దాచవలెను. క్రొత్త రూపము వేసిన ప్రతిసారి ‘అమలాపురం’ అని తెలుగులోనే వ్రాసి వెదకి, ఎన్ని పుస్తకములు వచ్చినవో ఆ సంఖ్యను తేదీతో సహా అదే పుటలో వేయవలెను. సంఖ్య మునుపటికంటె తగ్గినచో, లేక సున్న యైనచో, ఆనాడే గుమ్మమును చూడవలెను. రిజిస్టరు కార్యదర్శిగారి బల్లమీదనే యున్నది. మొదటి సంఖ్యను ఈ సభ ముగిసిన పిమ్మట వారి హస్తముతోనే వేయవలసినదిగా కోరుచున్నాను.